బుధగ్రహం పిల్ల, నోటో పిల్ల, పన్నెండు వారాల గడువు

జపాన్ టీవీలో అనిమే కోసం ఏడాదిని నాలుగు ముక్కలు చేస్తారు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో కొత్త సీరియళ్లు మొదలవుతాయి. ఒక్కో ముక్క పన్నెండు, పదమూడు వారాలు. దాన్ని 'కూర్' అంటారు. కథ అందులో పడితే సరే. పట్టకపోతే ఇంకో కూర్ దొరకాలి, దొరక్కపోతే ఎక్కడుందో అక్కడే ఆగిపోవాలి. రిలీజ్ తేదీ ముందే ఫిక్స్ చేసుకుని, ఆ తర్వాత ఏం రాయాలో ఆలోచించే ఉద్యోగం చేస్తున్న నాలాంటివాళ్లకి ఇదేమీ వింత కాదు.

ఇలాంటి సీజన్లు చాలానే చూశాను గానీ 2023 ఏప్రిల్ సీజన్ దగ్గరికి మాత్రం మళ్లీ మళ్లీ వెళ్తుంటాను. ఆ మూడు నెలల్లో ఒక పక్క 'మొబైల్ సూట్ గండమ్: ద విచ్ ఫ్రమ్ మెర్క్యురీ' రెండో భాగం, ఇంకో పక్క 'స్కిప్ అండ్ లోఫర్', 'ద డేంజర్స్ ఇన్ మై హార్ట్' వారం వారం వచ్చాయి. మొదటిది రోబోలు, కార్పొరేట్ కుట్రలు, అంతరిక్ష యుద్ధం. మిగతా రెండూ బడి పిల్లల ప్రేమ కథలు, లేదా ప్రేమ అని పేరు పెట్టడానికి ముందుండే దశ. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడాలని నా కోరిక. కథలు చెప్పేస్తాను. తెలియకుండా చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.

ముందు గండమ్. తెలుగులో రాస్తే 'గండం' లాగే కనిపిస్తుంది. ఈ కథకైతే ఆ అర్థం కూడా సరిపోతుంది, ఎందుకంటే ఇందులో గండమ్ ఎక్కి నడిపినవాళ్లకి నిజంగానే ప్రాణగండం. మనిషి లోపల కూర్చుని నడిపే పెద్ద యంత్రాల కథల్ని మెకా అంటారు. యోషియుకి తొమినో తీసిన మొదటి గండమ్ 1979లో వచ్చింది. 52 ఎపిసోడ్లు అనుకున్నది రేటింగులు లేక 43తో ముగించారు. తర్వాత పునఃప్రసారాలతో, ప్లాస్టిక్ బొమ్మల కిట్లతో అది పెద్ద సామ్రాజ్యమైంది. అంటే గడువు కత్తిరింపు ఈ వంశానికి పుట్టుకతో వచ్చిందే.

'విచ్ ఫ్రమ్ మెర్క్యురీ' 2022 అక్టోబర్‌లో మొదలైంది. టీవీ గండమ్ సీరియళ్లలో ప్రధాన పాత్ర అమ్మాయి కావడం ఇదే మొదటిసారి. సులెట్టా బుధగ్రహం మీద పెరిగిన పిల్ల. ఈడు స్నేహితులు లేరు, మాట తడబడుతుంది, బడికెళ్తే చెయ్యాల్సిన పనుల జాబితా మాత్రం రాసిపెట్టుకుంది. తోడు ఏరియల్ అనే యంత్రం. చేరిన బడిలో గొడవలు తీర్చుకునే పద్ధతి ద్వంద్వ యుద్ధం. గెలిచినవాడికి కంపెనీ అధ్యక్షుడి కూతురు మియొరీన్‌తో పెళ్లి నిశ్చయం. మన స్వయంవరం లాంటిదే అనుకోండి, కాకపోతే వరించే హక్కు పిల్లకి లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే సులెట్టా గెలిచేస్తుంది, వరుడైపోతుంది. అమ్మాయిని కదా అని తడబడితే, ఇక్కడ అదేం పెద్ద విషయం కాదన్నట్టు మియొరీన్ తేల్చేస్తుంది. పాత్రల పేర్లు షేక్స్పియర్ 'ది టెంపెస్ట్' నుంచి తెచ్చారు. ఏరియల్ ఒకటి, సులెట్టా తల్లి ప్రోస్పెరా ఇంకొకటి. మంత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో దాంతోనే అర్థం కావాలి.

నాకు ఈ సీరియల్‌లో అన్నిటికంటే బలమైనది ఈ తల్లీకూతుళ్ల సంగతి. పారిపోతే ఒకటి దక్కుతుందని, ముందుకెళ్తే రెండు దక్కుతాయని ప్రోస్పెరా కూతురికి చిన్నప్పుడే నేర్పింది. సులెట్టా భయమేసిన ప్రతిసారీ ఆ మాట జపంలా అనుకుని అడుగేస్తుంది. మొదట్లో మనకి ముచ్చటేస్తుంది, పిల్ల ధైర్యం తెచ్చుకుంటోంది కదా అని. 2023 జనవరి 8న వచ్చిన పన్నెండో ఎపిసోడ్‌లో ఆ ముచ్చట విరుగుతుంది. తల్లి కళ్లెదుటే మనుషుల్ని కాల్చి చంపి, నిన్ను కాపాడటానికే కదా అని నెమ్మదిగా నచ్చజెబుతుంది. కూతురు వణుకుతూ మొదలై, ఒప్పుకుని, నవ్వుతుంది. తర్వాత మియొరీన్ మీద తుపాకి ఎత్తినవాణ్ణి ఏరియల్ చేత్తో దోమని నలిపినట్టు నలిపేస్తుంది. రక్తంలో జారిపడి, సిగ్గుపడుతూ నవ్వి, ఎర్రటి చెయ్యి చాస్తుంది, కాపాడటానికొచ్చాను రమ్మని. మియొరీన్ మొహం చూడాలి. ఆ కూర్ అక్కడితో అయిపోయింది, మిగతాది ఏప్రిల్‌లోనే.

ఈ దృశ్యాన్ని చాలామంది షాక్ కోసం పెట్టిన షాక్ అన్నారు. నేనొప్పుకోను. పన్నెండు వారాలుగా వాళ్లు కడుతూ వచ్చింది దీన్నే. చెప్పిన మాట వినే పిల్ల ఎంత దూరం వెళ్తుంది అన్నదే ప్రశ్న. పదో తరగతి అవగానే ఎంపీసీ తీసుకో అంటే తీసుకుని, కంప్యూటర్స్‌లో సీటొచ్చిందంటే చేరిపోయి, ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే 'మంచిది కదా' అన్న మా తరంవాళ్లకి సులెట్టా నవ్వు పరాయిది కాదు. మాకెవరూ హాని తలపెట్టలేదు, నిజమే. మా అమ్మానాన్నలు ప్రోస్పెరాలు కారు. కానీ వాళ్ల మాటకీ మన ఇష్టానికీ మధ్య అతుకు ఎక్కడుందో కనపడకుండా పోవడం మాత్రం నాకు తెలుసు. ఆ అతుకు కనపడనప్పుడు పిల్లల మొహం ఎలా ఉంటుందో ఈ సీరియల్ చూపించింది. అందుకే దీని రెండో భాగం మీద నాకంత కోపం.

రెండో భాగం మొదట బాగానే నడిచింది. పదిహేనో ఎపిసోడ్‌లో సులెట్టా దాదాపు కనిపించదు. తెలియక తన తండ్రినే చంపుకున్న గుయెల్ అనే కుర్రాడు భూమ్మీద బందీగా పడి ఉంటాడు. అంతరిక్షంలో ఉన్నవాళ్ల డబ్బు ఎవరి బతుకుల మీద నిలబడిందో అప్పుడు చూస్తాడు. ఒక్క ఇరవై నిమిషాల్లో గండమ్ ఎందుకు యుద్ధ కథో చెప్పేశారు. ఆ తర్వాత సులెట్టాకి తన పుట్టుక రహస్యం తెలియడం, ఏరియల్ దూరమవడం, చేతులో ఏమీ లేకుండా బడి శిథిలాల్లో మనుషుల్ని వెతకడం కూడా బాగా వచ్చాయి. తల్లి మాట లేకుండా ముందుకెళ్లడమంటే ఏంటో ఆ పిల్ల మొదటిసారి నేర్చుకునేది అక్కడే.

ఇక చివరి మూడు నాలుగు ఎపిసోడ్లు. రిలీజ్ ముందు రాత్రి మిగిలిన టికెట్లన్నీ ఒకేసారి క్లోజ్ చేసినట్టుంది. ప్రోస్పెరా కుట్ర వల్ల, మియొరీన్ మధ్యవర్తిత్వం విఫలమవడం వల్ల భూమ్మీద ఎంతోమంది చనిపోయారు. ఆ భారం మియొరీన్‌ని గదిలో తలుపేసుకునేలా చేస్తుంది, తలుపవతల కూర్చుని సులెట్టా మాట్లాడగానే బయటికొస్తుంది. మాట్లాడటం బాగుంది, ఆ ఇద్దరి కథగా చూస్తే చాలా బాగుంది. చనిపోయినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ అడగరు. కంపెనీ గ్రూపుని రద్దు చేసి ఆస్తులు భూమికి అమ్మేస్తున్నామని ఒక్క ప్రకటనతో రాజకీయం ముగిసిపోయింది. నేరాలన్నీ ఇంకో కుర్రాడు తన నెత్తినేసుకుంటాడు, ప్రోస్పెరా పొలం గట్టున చక్రాల కుర్చీలో కూర్చుని గాలి పీలుస్తుంది. కూతురు తల్లిని క్షమించడం నాకు అర్థమవుతుంది. సీరియల్ కూడా క్షమించెయ్యడమే మింగుడుపడలేదు. క్షమించే ముందు ఒక్కసారైనా సులెట్టా నిలదీసి, పన్నెండో ఎపిసోడ్‌లో నా చేత ఏం చేయించావమ్మా అని అడగాల్సింది. ఆ ఎర్రటి చెయ్యి ఊసు మళ్లీ గట్టిగా రాలేదు.

24 ఎపిసోడ్లలో ఇంతకంటే ఏం చేస్తారు అని మిత్రులు వాదిస్తారు. దీనికి ముందొచ్చిన పెద్ద టీవీ గండమ్ 'ఐరన్-బ్లడెడ్ ఆర్ఫన్స్'కి 50 ఎపిసోడ్లిచ్చారు, దాని ముగింపు మీదా తిట్లు తక్కువేం కాదు. కాబట్టి అంతా గడువు మీదికి నెట్టలేం. నాకనిపించేదేంటంటే, దర్శకుడు హిరోషి కొబయాషికీ, రచయిత ఇచిరో ఒకోచికీ మనసున్నది బడి మీద, టమాటాల తోట మీద, ఇద్దరు అమ్మాయిల మీద. యుద్ధం వంశాచారం కాబట్టి పెట్టారు. ఇది గొప్ప ప్రేమకథ, అరకొర యుద్ధకథ.

అదే ఏప్రిల్‌లో ఇంకో పిల్ల బడిలో చేరింది. 'స్కిప్ అండ్ లోఫర్'లో మిత్సుమి ఇషికావా జిల్లా నోటో ద్వీపకల్పంలో ఒక మారుమూల ఊరి నుంచి టోక్యో వస్తుంది. జనం ఖాళీ అవుతున్న తన ఊరి లాంటి ఊళ్ల కోసం పెద్ద ప్రభుత్వాధికారి కావాలని, రిటైరయ్యాక ఊరికి మేయర్ కావాలని ప్లానేసుకుంది. మన దగ్గరైతే ఈ పిల్ల సివిల్స్ కోచింగ్‌లో చేరి ఉండేది. సులెట్టా జాబితాలాగే ఈమెకీ ప్రణాళిక ఉంది. తేడా ఏంటంటే ఇది ఎవరూ చేతిలో పెట్టింది కాదు, సొంతంగా కుట్టుకున్నది. అందుకే అది పాడైనా ఆమె పాడవదు. మొదటి రోజే రైళ్లలో తప్పిపోతుంది, షిమా అనే కుర్రాడు దారి చూపిస్తాడు, ఎలాగోలా చేరుకుని ప్రసంగం ఇచ్చేస్తుంది, ఆ వెంటనే టీచరు మీద వాంతి చేసుకుంటుంది. మర్నాడు మళ్లీ బడికెళ్తుంది. అంతే కథ.

పన్నెండు ఎపిసోడ్లలో ఎవరూ ఎవరికీ ప్రేమిస్తున్నానని చెప్పరు. దర్శకురాలు కొతొమి దెయ్ దేనికీ తొందరపడదు. మికా అనే అమ్మాయి ఉంటుంది, అందంగా కనిపించడానికి కష్టపడి నేర్చుకున్న పిల్ల, షిమా మీద కన్ను, మిత్సుమి అంటే కాస్త చురుకు. మామూలుగా ఇలాంటి కథల్లో విలన్ ఈమే. ఇక్కడ మిత్సుమి వాలీబాల్ నేర్పమని మికా దగ్గరికే వెళ్తుంది. ఎవరూ తనని ఎంచుకోరని అలవాటైపోయిన పిల్లకి ఆ అడగడమే పెద్ద విషయం. రోబోలు లేవు, రక్తం లేదు. కానీ ఒక మనిషి ఇంకో మనిషి ఉక్కు కవచం తలుపు తట్టడమే ఇది కూడా. పన్నెండు వారాలు దీనికి సరిగ్గా సరిపోయాయి, ఎందుకంటే ఇక్కడ ప్రపంచాన్ని బాగుచెయ్యాల్సిన పనిలేదు, ఒక తరగతి గదిని చూస్తే చాలు. (2024 జనవరి 1న నోటోలో పెద్ద భూకంపం వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లో ఆ సముద్రం, ఆ రైలు స్టేషన్ చూస్తుంటే ఇప్పుడు గొంతు పట్టేస్తుంది.)

'ద డేంజర్స్ ఇన్ మై హార్ట్' గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మొదటి ఎపిసోడ్ చూసి చాలామంది వదిలేస్తారు, వదిలెయ్యొద్దని చెప్పడానికే. ఇచికావా అనే కుర్రాడు తోటి పిల్లల్ని చంపుతున్నట్టు ఊహించుకుంటూ మొదలవుతాడు. చిరాకేస్తుంది. అక్కడినుంచి లైబ్రరీలో దొంగచాటుగా చిరుతిళ్లు తినే యమదా అనే అమ్మాయిని చూస్తూ, ఆమె చేసే ప్రతి పనినీ తప్పుగా అర్థం చేసుకుంటూ వెళ్తాడు. కథ చెప్పేది వాడు, నిజం కనపడేది మనకి. బాస్కెట్‌బాల్ తగిలి మొహానికి దెబ్బ తగిలినప్పుడు, మోడలింగ్ పని పోతుందని ఆ అమ్మాయి చాటుగా ఏడిస్తే, అది విని వాడికి కన్నీళ్లొస్తాయి. ఎందుకొచ్చాయో వాడికి అప్పుడు తెలుస్తుంది. కెన్సుకె ఉషియో సంగీతం ఆ చోట దాదాపు వినపడనంత పల్చగా ఉంటుంది. ఆ ప్రేమ మాట పైకి రావడానికి 2024లో వచ్చిన రెండో సీజన్ చివరిదాకా, మొత్తం 25 ఎపిసోడ్లు పట్టింది. దీనికి గడువు పొడిగించారు, గండమ్‌కి అదే 24.

ఆ సీజన్‌లో జనమంతా మాట్లాడుకున్నది మాత్రం 'ఒషి నో కో' గురించి. దానికి మొదటి ఎపిసోడే గంటన్నర ఇచ్చారు. ఆ గంటన్నర బ్రహ్మాండం, యొఅసొబి పాట ప్రపంచమంతా మోగింది. తర్వాతిది నాకు అంతగా ఎక్కలేదు. గండమ్ మొదటి భాగానికి పాట చేసింది కూడా ఆ జంటే, నాకైతే దీనికంటే అదే ఇష్టం.

మళ్లీ గండమ్‌కి రావాలి, ఒక్క విషయం మిగిలింది. జులై 2న వచ్చిన చివరి ఎపిసోడ్‌లో, మూడేళ్ల తర్వాత సులెట్టా, మియొరీన్ ఇద్దరి వేళ్లకీ ఉంగరాలుంటాయి. పెళ్లయిందని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అదే నెల చివర్లో 'గండమ్ ఏస్' పత్రికలో, సులెట్టాకి గొంతిచ్చిన నటి ఇంటర్వ్యూలో ఆ ఇద్దరి పెళ్లి ప్రస్తావన వచ్చింది. అచ్చులో ఉంది. ఎలక్ట్రానిక్ ప్రతిలో ఆ మాట తీసేశారు. గొడవయ్యాక సీరియల్ తీసిన సంస్థ ఒక ప్రకటనిచ్చింది, ఆ అర్థం ఎవరికి వారికే వదిలేస్తున్నామని. ఇక్కడేం పెద్ద విషయం కాదన్న మొదటి ఎపిసోడ్‌తో మొదలెట్టి, చివరికొచ్చేసరికి ఒక్క మాటకి భయపడ్డారు. పక్కనే 'స్కిప్ అండ్ లోఫర్'లో మిత్సుమికి టోక్యోలో అన్నం పెట్టి చూసుకునే నావొ, పుట్టినప్పుడు మగపిల్లాడని రాసుకున్న మనిషి, ఇప్పుడు మిత్సుమికి అత్త. దాని గురించి ఉపన్యాసం లేదు, ప్రకటన లేదు. పిల్ల ఇంటికొచ్చేసరికి నావొ వంటింట్లో ఉంటుంది, ఇవాళ బడెలా గడిచిందని అడుగుతుంది.