చంపకమాలలో ఇరవై అంకెలు

ఒడియా కవి ఉపేంద్ర భంజుడి పేరు పెట్టుకున్న ఊరు మా భంజనగర్. ‘వైదేహీశ విలాసం’లో ప్రతి పాదాన్నీ ‘బ’కారంతోనే మొదలుపెట్టాడని ఇక్కడ చెప్పుకొని మురిసిపోతాం. ఆ మురిపెం న్యాయమైనదే. గంజాం తెలుగువాళ్లం అంతే గర్వంగా చెప్పుకోవలసిన పద్యం ఇంకొకటుంది. అది పావులూరి మల్లన చంపకమాల.

మల్లనది పదకొండో శతాబ్దమంటారు, రాజరాజ నరేంద్రుడి కాలమంటారు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేశాడు. చదరంగం కనిపెట్టినవాడు మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు అడిగాడన్న కథ అందరికీ తెలిసిందే. అలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకూ కలిపి 18446744073709551615. ఈ ఇరవై అంకెల సంఖ్యను మల్లన పద్యంలో బిగించాడు.

ఆ బిగింపు చూడండి! ఒకటంటే చంద్రుడు, అయిదంటే బాణం, సున్న అంటే ఆకాశం. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. ఏడు మూడుసార్లు వస్తుంది. మల్లన ఒకచోట నగమంటాడు, ఒకచోట భూధరమంటాడు, మరోచోట గిరి అంటాడు. నాలుగుకు సముద్రం, వేదం, చివరికి బ్రహ్మ ముఖాలు కూడా పనికొచ్చాయి. ఏ మాట ఎక్కడ పడాలో గణం చెబుతుంది, ప్రాస చెబుతుంది. తాటాకు మీద ఒట్టి అంకెలు రాస్తే లేఖకుడు ఒకటి జారవిడిచినా ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక మాట జారితే గణం విరిగి చెవికి తగులుతుంది. సంఖ్యకు ఇంతకంటే మంచి కాపలా నాకు తెలియదు.

ఇక ఆ సంఖ్య లోపలి అందం. రెండును 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. కాబట్టి వర్గాల భేదం సూత్రంతో చీలుస్తూ పోవచ్చు: 3, 5, 17, 257, 65537, 4294967297. చివరిది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి 6700417 బయటికి తీశాడు. మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాదు. అందుకే దీనికి సరిగ్గా 128 భాజకాలు. ఐరోపా పండితులు తలలు బద్దలు కొట్టుకున్న సంఖ్యలు మన చంపకమాల కడుపులో ఉన్నాయంటే ఒళ్లు పులకరించదా?

పెద్ద సంఖ్యలను ఇలా నోట నిలుపుకునే విద్య మల్లన తర్వాతా బతికింది. కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మకు పుట్టుకతో చూపు లేదు. వేలాది గణితావధానాలు చేశారు. రెండును 103 సార్లు వేసి గుణిస్తే ఎంతని సభలో అడిగితే 32 అంకెల జవాబు నోటితో చెప్పిన మహానుభావుడాయన. పైగా వాయులీన విద్వాంసుడు.

ఇప్పుడు? పది చిట్కాలు బట్టీ పట్టించి ‘వేద గణితం’ అని బోర్డు కట్టి ఫీజు వసూలు చేస్తున్నారు. ఆ పేరుతో పుస్తకం రాసింది మన ఒడిశాలోనే పూరీ పీఠాధిపతిగా ఉన్న భారతీకృష్ణ తీర్థులు, అచ్చయింది 1965లో. అందులోని సూత్రాలు వేదసంహితల్లో కనిపించవని పండితులు ఎప్పుడో తేల్చారు. అయినా అమ్మకం ఆగదు. ఎందుకో చెప్పకుండా వేగం నేర్పడం చదువు కాదు, మోసం. నిజంగా మనదైన మల్లనను గూట్లో పెట్టి, పేరు తగిలించిన సరుకును నెత్తిన పెట్టుకుంటున్నాం. ఫోన్లలో తిరిగే సందేశాలైతే మరీ ఘోరం: చివరి అంకె 5 బదులు 6 వేసి పంపేస్తారు. రెట్టింపుల మొత్తం తర్వాతి గడి గింజలకు ఎప్పుడూ ఒకటి తక్కువేనని, 1, 3, 7, 15 అని నాలుగు గళ్లు కూడితే తెలిసిపోయేదానికి!

బరంపురంలో, భంజనగర్‌లో తెలుగు చెప్పే మాస్టర్లకు, లెక్కలు చెప్పే మాస్టర్లకు నాదొక్కటే విన్నపం. ఒక్క పీరియడు ఇద్దరూ కలిసి తీసుకోండి. పద్యం తెలుగు మాస్టారు చదవాలి, అంకెలు పిల్లలు రాయాలి, 641తో భాగహారం లెక్కల మాస్టారు బల్లమీద చేయించాలి. ఈ ఏడాదే మొదలుపెట్టండి.