పిక్క ఎముకతో దవడ

కారం తగిలితే నోరు మండుతోందని ఒంగోలులోనో నరసరావుపేటలోనో ఎవరైనా అంటే, "వేడి చేసిందిలే, రెండు రోజులు మజ్జిగన్నం తిను" అనేవాళ్లే ఎక్కువ. గుట్కా, ఖైనీ, వక్క నమిలేవాళ్ల నోట్లో ఆ మంటే తొలి హెచ్చరిక కావచ్చు. బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయి, మూడు వేళ్లు పట్టే నోరు రెండు వేళ్లు కూడా పట్టదు. మిరప పండించే సీమ కదా, నింద మిరపకాయ మీదికి పోతుంది. వక్క, పొగాకు తప్పించుకుంటాయి. టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలు ఎన్ని ఇళ్లకు కూడు పెడుతున్నాయో తెలియక కాదు ఈ మాట అంటున్నది.

ఆ హెచ్చరికను పట్టించుకోకపోతే అది క్యాన్సర్ పుండుగా మారవచ్చు. ఆ పుండు కోసేస్తే సరిపోతుందనుకుంటాం. నోటి క్యాన్సర్‌లో కోయడం సగం పనే. కంటికి కనిపించే పుండు చుట్టూ సుమారు సెంటీమీటరు మంచి కండనూ కలిపి తీస్తారు. మెడలోని లింఫు గ్రంథులు చేతికి తగలకపోయినా చాలాసార్లు అప్పుడే తీసేస్తారు. తొలి దశలోనే అలా తీస్తే మూడేళ్లకు నూటికి 80 మంది బతికారనీ, గడ్డ కనిపించేదాకా ఆగితే 67 మందేననీ ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో తేల్చారు. 1906లో జార్జ్ క్రైల్ చూపిన పద్ధతిలో గ్రంథులతోపాటు మెడ కండరం, పెద్ద సిర, భుజాన్ని లేపే నరం కూడా పోయేవి. ఇప్పుడు వీలైనంతవరకు ఆ నరాన్ని కాపాడతారు. భుజం లేవని మనిషి మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) ఎలా మోస్తాడు?

మిగతా సగం, తీసిన చోటు పూడ్చడం. 1979లో స్టీఫెన్ ఆరియన్ వివరించిన పద్ధతిలో ఛాతీ కండరాన్ని, దాని మీది చర్మాన్ని, రక్తనాళం తెగకుండా, మెడ చర్మం కింది నుంచి నోట్లోకి తెస్తారు. మైక్రోస్కోపు అక్కర్లేదు. రద్దీగా ఉండే ఆసుపత్రులకు ఇదే పెద్ద దిక్కు. మగవాళ్లకు ఛాతీ వెంట్రుకలు నోట్లో మొలుస్తాయి, అదొక తంటా.

దవడ ఎముకే పోతే కాలి పిక్క పక్కనున్న సన్నని ఎముక ఆదుకుంటుంది. శరీర బరువు మోసేది దాని పక్క ఎముక, కనుక ఇది పోయినా మనిషి నడుస్తాడు. దవడకు దీన్ని వాడే తీరును డేవిడ్ హిడాల్గో 1989లో ప్రచురించాడు. ఎముకను ముక్కలు చేసి, దవడ వంపుకు అమర్చి, టైటానియం పట్టీతో బిగిస్తారు. తర్వాత రెండు మిల్లీమీటర్ల రక్తనాళాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడలోని నాళానికి కుడతారు. ఆ రాత్రంతా నర్సు ఎముకతోపాటు తెచ్చిన చర్మాన్ని గంటగంటకూ చూస్తుంది. సూదితో గుచ్చినప్పుడు ఎర్రటి రక్తం వస్తే క్షేమం. నల్లబడితే సిర మూసుకుపోయినట్టు, పాలిపోతే ధమని ఆగినట్టు. వెంటనే మళ్లీ థియేటర్‌కే.

ఇంత నేర్పూ ఆలస్యంగా వచ్చినవారికి పూర్తిగా అక్కరకు రాదు. మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, తెరుచుకోని నోరు ఉంటే గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. నోటి క్యాన్సర్ ఆపరేషన్‌కు ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కూడా వర్తిస్తుంది. మజ్జిగన్నంతో సరిపెట్టుకోకండి, వెళ్లి చూపించుకోండి.