కెలోరీల పద్దు - ఒక విమర్శ

రాబడి కన్న ఖర్చు మించితే నిలువ తరుగుతుంది. ఖర్చు కన్న రాబడి మించితే నిలువ పెరుగుతుంది. శరీరపు బరువును గురించి ప్రజలలో వ్యాపించిన సిద్ధాంతమంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. తిన్న ఆహారం జమ, నడిచిన నడక ఖర్చు, ఒంటిమీది క్రొవ్వు నిలువ. ఇంత సులభమైన లెక్కను శ్రద్ధగా వ్రాసుకుంటూ, ప్రతిరోజూ వ్యాయామం చేస్తూ ఉన్నా బరువు పెరుగుతున్నవారు పట్నాలలోను, పల్లెలలోను కనబడుతున్నారు. ఇంటివారు "చాటుగా తింటున్నారు" అంటారు. వారు "కెలోరీల శాస్త్రమే బూటకం" అంటారు. ఈ రెండు తీర్పులూ సరియైనవి కావు. శక్తి నిత్యత్వ నియమంలో దోషం లేదు. మనిషిలోనూ దోషం ఉండనక్కరలేదు. విమర్శించవలసినది ఆ పద్దును.

పట్టికల పుట్టుక

ఆహారశాస్త్రంలో కెలోరీ అనగా ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయగల ఉష్ణం. ప్రాణి ఊపిరి పీల్చడమూ కొవ్వొత్తి మండడమూ ఒకే జాతి క్రియలని లవాయిజే, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1783లో మంచు నింపిన పాత్రలో గినీ పందిని ఉంచి చూపారు. 19వ శతాబ్ది చివర అమెరికాలో అట్‌వాటర్ మనుషులనే గదివంటి కెలోరీమాపకంలో ఉంచి కొలిచి, పిండిపదార్థానికి గ్రాముకు 4, మాంసకృత్తులకు 4, క్రొవ్వుకు 9 అని సగటు అంకెలు నిర్ణయించాడు. నేటికీ డబ్బాల మీద కనబడే సంఖ్యలకు మూలం ఇవే.

మన దేశంలో ఈ పనికి ఆద్యం 1918లో కూనూరులో మెకారిసన్ నెలకొల్పిన చిన్న పరిశోధనశాల. అది 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. అక్కడినుండి 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్‌ల ఆహార విలువల గ్రంథమూ, 2017లో 528 ఆహారాల క్రొత్త పట్టికలూ వెలువడ్డాయి. ఆకలితో ఉన్న జనానికి ఎంత ధాన్యం కావాలి, బడిపిల్లల భోజనంలో పప్పు ఎంత ఉండాలి అనే ప్రశ్నలకు ఇటువంటి పట్టికలు చక్కగా సమాధానం చెప్పగలవు. వేయిమంది సగటు తీసినప్పుడు హెచ్చుతగ్గులు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. ఒక మనిషి ఒక పూట భోజనానికి ఆ సగటునే పదుల అంకెవరకు నమ్మితే చిక్కు వస్తుంది.

జమ వైపు

గౌతమీ తీరాన ఉన్న రావులపాలెం అరటి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడ అరటిని గెలలుగా, అత్తాలుగా చూస్తారు. పట్టిక మాత్రం తొక్క తీసిన నూరు గ్రాముల గుజ్జును గురించి చెబుతుంది. "ఒక పండు" అని వ్రాసుకున్నవాడు చిన్న పండు తిన్నాడో, దానికి రెట్టింపు బరువున్నది తిన్నాడో పద్దులో తెలియదు. అంతకన్న లోతైన సంగతి మరొకటి. పచ్చి అరటికాయలోని పిండిపదార్థంలో ఎక్కువ భాగం చిన్న ప్రేగులో జీర్ణం కాక పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవుల పాలవుతుంది; అప్పుడు శరీరానికి దక్కేది సుమారు సగమే. కాయను ఉడికిస్తే అందులో చాలా భాగం అరుగుతుంది. పండితే చక్కెరగా మారుతుంది. కెలోరీమాపకంలో తగులబెడితే ఈ భేదం కనబడదు. బాదంపప్పు విషయంలో 2012లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు కొలిచి చూడగా, 28 గ్రాములకు పట్టిక చెప్పిన 170 బదులు 129 కెలోరీలే దక్కుతున్నట్లు తేలింది.

ఇవి లెక్క హెచ్చు చూపే తప్పులు. లెక్క తక్కువ చూపే తప్పులే ఇంటిలో ఎక్కువ. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 కెలోరీలు. నూరు గ్రాముల అన్నంలో సుమారు 130. బియ్యం తూచి అన్నం వరుసలోని అంకె వ్రాస్తే 220 కెలోరీలు మాయమవుతాయి. తాలింపులో గరిటెతో పోసిన నూనెను ఎవరూ తూచరు. పెద్ద చెంచాడు నూనెకు 120 కెలోరీలు. పచ్చికొబ్బరి నూరు గ్రాములకు నాలుగువందల పైచిలుకు. రావులపాలెం పొరుగున ఉన్న ఆత్రేయపురం పూతరేకు కాగితమంత పలుచగా ఉండి తేలికగా తోస్తుంది. దాని బలమంతా పొరల నడుమనున్న నెయ్యిలోను, తీపిలోను ఉన్నది.

న్యూయార్కులో జరిగి 1992లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇక్కడ స్మరించదగినది. రోజుకు 1200 కెలోరీలకు లోపే తింటున్నా బరువు తగ్గడం లేదన్నవారిని పరీక్షించారు. భారమైన పరమాణువులు కలిపిన నీటిని త్రాగించి, అవి శరీరం విడిచిపోయే వేగాన్నిబట్టి బొగ్గుపులుసు వాయువును, దానినిబట్టి శక్తివ్యయాన్ని లెక్కించారు. వారి శరీరాలలో శక్తి ఖర్చు సహజంగానే ఉన్నది. తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా వారు చెప్పారు. దీనిని అబద్ధమనడం తొందరపాటు. తూచని వస్తువును జ్ఞాపకంతో తూచడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

ఖర్చు వైపు

డెబ్బది కిలోల మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 245 కెలోరీలు ఖర్చవుతాయి. అందులో 70 ఊరక కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వలన అదనంగా పోయినవి 175. మొత్తం 245నూ నడక ఖాతాలో వ్రాసుకొని, "ఈ రోజు నడిచాను గదా" అని రెండు పెసరట్లు అదనంగా తింటే పద్దు అక్కడనే తారుమారవుతుంది.

ఇక ప్రసిద్ధమైన సూత్రమొకటి ఉన్నది. కిలో క్రొవ్వుకు సుమారు 7700 కెలోరీలు గనుక, అంత లోటు పడినప్పుడల్లా కిలో తగ్గుతుందని. అమెరికన్ వైద్యుడు విష్నోఫ్‌స్కీ 1958లో పౌనుకు 3500గా దీనిని ప్రచురించాడు. దీనిని చివరంటా నమ్మితే, రోజుకు 175 ఖర్చు చేసే ఆ మనిషి ఏడాదికి ఎనిమిది కిలోల పైన తగ్గి, తొమ్మిదేళ్ళు నిండకుండా పూర్తిగా అదృశ్యం కావాలి! శరీరం తగ్గినకొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుందన్న సంగతిని సూత్రం మరచింది. 2011లో కెవిన్ హాల్, సహచరులు సవరించిన లెక్క ప్రకారం, రోజుకు 24 కెలోరీల స్థిరమైన భేదం చివరకు ఒక కిలో మార్పు తెస్తుంది. అందులో సగం రావడానికి ఏడాది, దాదాపు పూర్తిగా రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ లెక్కన మన నడకరికి దక్కేది మొత్తం మీద ఏడు కిలోలు, అదీ ఆహారం ఏమాత్రం పెరగకపోతే.

అంతేగాక, టాంజానియాలో వేటతో జీవించే హాడ్జా ప్రజలు రోజంతా తిరుగుతున్నా, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారి మొత్తం శక్తివ్యయం నగరవాసుల వ్యయంతో సమానంగానే ఉన్నట్లు 2012లో పాంట్జర్ బృందం కనుగొన్నది. శ్రమ పెరిగినప్పుడు శరీరం మరొకచోట పొదుపు చేస్తుందని వారి ఊహ. పద్దులో ఖర్చు అంకె స్థిరంగా నిలిచేది కాదు.

త్రాసు చెప్పనిది

బరువు పెరిగిందంటే క్రొవ్వు పెరిగిందని అర్థం కాదు. వ్యాయామం చేసే కండరాలు గ్లైకోజెనును నిలువచేస్తాయి. ఒక గ్రాము గ్లైకోజెనుతో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. క్రొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారి బరువు మొదటి వారాలలో కొంత పెరగడం ఇందువల్లనే కావచ్చు. దీనికి విపర్యయమూ కలదు. 2004లో పుణే వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిషు సహచరుడు యుడ్కిన్ తమను తామే కొలిపించుకున్నారు. ఇద్దరి ఎత్తుబరువుల సూచిక 22.3, శరీరంలో క్రొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కావున భారతీయులకు త్రాసు కన్న నడుముకు చుట్టే టేపు మేలైన సాక్షి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసి ఉన్నది.

తీర్పు

కెలోరీల పట్టిక పనికిరానిదని దీని సారాంశం కాదు. నూనె ఎంత బలమైనదో, కూరగాయలు ఎంత తేలికయో అది సరిగానే చెబుతుంది. కొద్దివారాలు బియ్యమూ నూనే నిజంగా తూచి చూస్తే ఎక్కడ లెక్క జారిపోతున్నదో తెలుస్తుంది. అంతవరకు దాని ఉపయోగం. దానిని మనిషి నిజాయితీకి పరీక్షగా చేయడం మాత్రం అన్యాయం. ఆ అన్యాయానికి ఫలితం కూడా ప్రమాదకరమే. నింద భరించలేక కొందరు నడక మానివేస్తారు. త్రాసు కదలకపోయినా, రక్తపు పోటుకూ చక్కెరకూ నడక చేసే మేలు ఆగదు. మరికొందరిలో కంఠగ్రంథి మాంద్యం, స్త్రీలలో అండాశయ సంబంధమైన రుగ్మత, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును పెంచుతూ ఉంటాయి. తూచి తింటున్నా ముల్లు పైకే పోతుంటే, ఇంకా కొన్ని కెలోరీలు కోసుకోవడం కన్న, వాడుతున్న మందుల చీటీలు తీసుకొని వైద్యుని వద్దకు పోవడమే సబబు. మందులను మాత్రం స్వయంగా మానరాదు.