డికెన్సు బడిలో గుఱ్ఱము

తండ్రి అప్పుల జైలు పాలైన 1824లో, 12 ఏండ్ల చార్లెస్ డికెన్సు బూటుపాలిషు బుడ్లకు చీటీలు అంటించే పనిలో ఉన్నాడు. చదువు తప్పిన ఆ నెలలను ఆయన మరువలేదు. 1838లో యార్క్‌షైరు బళ్లను స్వయముగా చూచి వచ్చి 'నికొలస్ నికల్బీ' వ్రాసినాడు. అందులోని స్క్వీర్సు పిల్లలను కొట్టును, పస్తు పెట్టును. అట్టివానిని ద్వేషించుట సులభము.

మాకు భయము కలిగించునది 1854 నాటి 'హార్డ్ టైమ్స్'. ఆ తరగతిలో బెత్తము ఆడదు. సర్కసువారి బిడ్డ సిస్సీ గుఱ్ఱముల మధ్యనే పెరిగినది. గుఱ్ఱమనగా నేమని గ్రాడ్‌గ్రైండు అడిగితే నోరు పెగలదు. బిట్సరు మాత్రము 40 పండ్ల లెక్కతో సహా ఒప్పజెప్పును. పెద్దలకు తృప్తి!

నేటాలు చెరకు తోటలలో మా అవ్వలు తెలుగే మాట్లాడినారు, అక్షరము రాదు. మేము సాయంకాలపు తరగతిలో విభక్తులు వల్లించి వచ్చి, వారి మాటలు తప్పులని దిద్దినాము. (వారు నవ్వి ఊరుకొనేవారు.) ఉపాధ్యాయులమైన తరువాత ఎందరు సిస్సీలను నోరు మూయించితిమో!

నవలలో లోపమూ ఉన్నది. సిస్సీని మరీ మంచిపిల్లను చేసినాడు, కోపమెరుగదు. మంచి బడి యెట్లుండునో 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో డాక్టర్ స్ట్రాంగు బడి ద్వారా చూపబోయి, కొద్ది పుటలలోనే దాటిపోయినాడు. బడిపంతుళ్లమైన మాకు కావలసినవి ఆ వ్రాయని పుటలే.