గ్యాలరీలు నింపిన పనివాడు

ఫుట్‌బాల్ ఆట తొంభై నిమిషాలే. చూడాలనుకున్న మనిషికి మాత్రం అది సగం రోజు పని. ఇంట్లో ఒప్పించుకుని బయటపడాలి, బస్సో రైలో పట్టుకోవాలి, వరసలో నిలబడి లోపలికి వెళ్ళాలి, ఆట మొదలయ్యేదాకా చలిలో కాళ్ళు కదుపుతూ నిలబడాలి, అయిపోయాక అంత జనంలోంచి నెట్టుకుంటూ ఇల్లు చేరాలి. ఇంగ్లండ్ క్లబ్బులు చాలాకాలం ఆ తొంభై నిమిషాల గురించి తప్ప మరి దేని గురించీ పట్టించుకోలేదు. జట్టు గెలుస్తుంటే జనం వాళ్ళే వస్తారు, ఓడితే రారు, మధ్యలో మన చేతిలో ఏముంది అనుకునేవి. మిగతా గంటల్లో కూడా చేయాల్సిన పని బోలెడుందని కనిపెట్టి, ఒక్కోటీ ఓపిగ్గా చేసుకుంటూ పోయినవాడు జిమ్మీ హిల్. చేసిన చోటు కోవెంట్రీ, కాలం 1961 నుంచి 1967 దాకా.

అప్పటి పరిస్థితి ఏమంత ఆశాజనకంగా లేదు. యుద్ధం ముగిశాక ఇంగ్లండ్ జనం ఆటల మీద విరుచుకుపడ్డారు. 1948-49 సీజన్‌లో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి 4 కోట్ల 12 లక్షల మంది వచ్చారు. ఆ అంకె మళ్ళీ ఎన్నడూ రాలేదు. 1961-62కి అది 2 కోట్ల 80 లక్షల దగ్గరికి దిగింది. ఇళ్ళలోకి టీవీ వచ్చింది. కార్లు కొనుక్కున్నవాళ్ళు శనివారం మధ్యాహ్నం పిల్లలతో ఊరి బయటికి పోతున్నారు. కోవెంట్రీ విషయంలో ఇందులో ఒక తమాషా ఉంది. అది కార్లు తయారుచేసే ఊరు. జాగ్వార్, స్టాండర్డ్-ట్రయంఫ్ ఫ్యాక్టరీలు అక్కడివే. గ్రౌండ్ నుంచి జనాన్ని పట్టుకుపోతున్న వస్తువును ఆ జనమే వారమంతా బిగించి పంపుతున్నారన్నమాట.

ఊరి గురించి ఇంకొక్క మాట చెప్పాలి, హిల్ చేసిన పనికంతటికీ పునాది అక్కడే ఉంది. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకి కోవెంట్రీ నడిబొడ్డు నేలమట్టమైంది. యుద్ధం తర్వాత మళ్ళీ కట్టుకున్నారు. ఫ్యాక్టరీల్లో మంచి జీతాలుండటంతో స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, పంజాబ్, ఇలా ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి చేరారు. లివర్‌పూల్‌లోనో న్యూకాజిల్‌లోనో అయితే తాత చూసిన జట్టునే మనవడూ చూస్తాడు. వలస వచ్చిన కుటుంబానికి ఆ వారసత్వం ఉండదు. తండ్రి మనసు పాత ఊరి జట్టు మీదే ఉంటుంది, పిల్లవాడికి ఏ జట్టూ ఉండదు. ఆ పిల్లవాడి మీదే హిల్ దృష్టి పడింది.

హిల్ అప్పటికే పేరున్నవాడు. ఫుల్హమ్ ఆటగాడిగా, ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడిగా పోరాడి, వారానికి 20 పౌండ్లకి మించి జీతం ఇవ్వకూడదన్న నిబంధనను 1961 జనవరిలో ఎత్తేయించాడు. అదే ఏడాది నవంబర్‌లో, మూడో డివిజన్‌లో ఉన్న కోవెంట్రీ సొంత గ్రౌండ్ హైఫీల్డ్ రోడ్‌లో కింగ్స్ లిన్ అనే లీగ్‌లోనే లేని జట్టు చేతిలో ఎఫ్ఏ కప్ మ్యాచ్ ఓడింది. మేనేజర్‌ని తీసేశారు. చైర్మన్ డెరిక్ రాబిన్స్ ఆ కుర్చీలో హిల్‌ని కూర్చోబెట్టాడు. హిల్ అడిగిన ప్రతిదానికీ రాబిన్స్ డబ్బు, ధైర్యం రెండూ ఇచ్చాడు. ఇలాంటి కథల్లో చైర్మన్ల పేర్లు ఊరికే జారిపోతుంటాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మొదట రంగు. 1962లో జట్టు దుస్తుల్ని పూర్తిగా ఆకాశనీలం చేశాడు. దాంతో అభిమానుల నోట క్లబ్ పేరే 'స్కై బ్లూస్' అయింది. తర్వాత పాట. క్లబ్ డైరెక్టర్ జాన్ క్యామ్‌కిన్‌తో కలిసి తానే మాటలు రాశాడు. వరస కొత్తగా కట్టలేదు. ఈటన్ బోటింగ్ సాంగ్ అనే పాత బాణీ అందరికీ వచ్చిందే, దాన్నే తీసుకున్నాడు. ఇందులోని నేర్పు గమనించాలి. ఇరవై వేల మంది ఒకేసారి పాడాలంటే ఎవరూ వరస నేర్చుకోవాల్సిన అవసరం ఉండకూడదు. మాటలు తెలిస్తే చాలు, గొంతు దానంతటదే కలుస్తుంది. అరవై ఏళ్ళు దాటినా కోవెంట్రీ మ్యాచ్‌ల్లో ఆ పాట ఇప్పటికీ పాడుతున్నారు.

రంగు, పాట ఎవరికైనా తట్టేవే అనుకుందాం. అసలు పనితనం గడియారంతో ఆడుకోవడంలో ఉంది. మామూలుగా ప్రేక్షకులు ఆటకి పది నిమిషాల ముందు ఒక్కసారిగా వచ్చిపడతారు. గేట్ల దగ్గర తొక్కిడి, విసుగు. ముందే రమ్మంటే ఎందుకొస్తారు? వచ్చి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. స్కై బ్లూ రేడియో పేరుతో గ్రౌండ్ మైకుల్లో పాటలు, కబుర్లు మొదలుపెట్టాడు. ఆటకి ముందు వినోద కార్యక్రమాలు పెట్టాడు. రెండు కాగితాల్లో జట్టు పేర్లు అచ్చేసి ఇచ్చే చోట, కూర్చుని చదువుకునే పత్రికలాంటి ప్రోగ్రామ్ తెచ్చాడు. 1964లో ఇంగ్లండ్‌కి అప్పటికి కొత్తయిన ఎలక్ట్రానిక్ స్కోర్‌బోర్డు పెట్టించాడు. మన జాతరలకి వచ్చేవాళ్ళంతా అమ్మవారి కోసమే రారు. రంగులరాట్నం కోసం వచ్చిన పిల్లలు కూడా గుడి ముందు నుంచే పోవాలి. హిల్ లెక్క అదే. జట్టు ఆ రోజు బాగా ఆడకపోయినా, వచ్చినవాడికి మధ్యాహ్నం పూర్తిగా వృథా అయిందనిపించకూడదు.

ఆట ముగిశాక చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చుతుంది. పిల్లల్ని ఉండమని, వాళ్ళకి కూల్‌డ్రింకు, చిప్స్ పొట్లం ఇచ్చేవారు. స్నానం చేసి వచ్చిన ఆటగాళ్ళు వాళ్ళ మధ్యకి వచ్చి కబుర్లు చెప్పి సంతకాలు పెట్టేవారు. ఖర్చు చూస్తే ఏమంత కాదు. జరిగిందేమిటో చూడండి. గ్లాస్గో నుంచో కార్డిఫ్ నుంచో వచ్చిన కార్మికుడి కొడుకు చేతిలో ఇప్పుడు కోవెంట్రీ ఆటగాడి సంతకం ఉంది. వచ్చే శనివారం వాడే తండ్రి చెయ్యి పట్టుకు లాక్కొస్తాడు. టికెట్ కొనేది తండ్రే, కొనిపించేది మాత్రం పిల్లవాడు. వాడికి ముప్ఫై ఏళ్ళొచ్చాక వాడి పిల్లలు ఏ జట్టు చూస్తారో వేరే చెప్పక్కర్లేదు. వలస కుటుంబానికి లేని వారసత్వాన్ని ఒక్క తరంలో కొత్తగా తయారుచేసే ఉపాయమిది.

ఇక జట్టు బయటి ఊళ్ళో ఆడే వారాలు. రెండు వారాలకోసారే సొంత గ్రౌండ్‌లో ఆట ఉంటుంది. మధ్య వారం అలవాటు తెగే ప్రమాదముంది. అభిమానుల కోసం స్కై బ్లూ ఎక్స్‌ప్రెస్ పేరుతో ప్రత్యేక రైళ్ళు నడిపించాడు. వెళ్ళలేనివాళ్ళ కోసం 1965 అక్టోబర్‌లో ఇంకా పెద్ద సాహసం చేశాడు. కార్డిఫ్‌లో జరుగుతున్న మ్యాచ్‌ని కెమెరాలతో తీయించి, తీగ మీద కోవెంట్రీకి రప్పించి, హైఫీల్డ్ రోడ్ మైదానంలో పెద్ద తెరల మీద వేయించాడు. ఆటగాళ్ళు నూరు మైళ్ళ అవతల ఉన్నారు. ఖాళీ మైదానం చుట్టూ పదివేల మందికి పైగా నిలబడి తెరల వైపు చూస్తూ కేకలు పెట్టారు. జనాన్ని ఇంట్లో కట్టేసిన శత్రువు టీవీయే కదా, ఆ టీవీనే గ్రౌండ్‌లోకి తెచ్చి జనం ముందు నిలబెట్టాడు. ఇంట్లో చూసే టీవీలో దొరకనిది పక్కవాడి కేక అని అతనికి తెలుసు.

ఫలితం లెక్కల్లో కనిపించింది. దేశమంతా గ్యాలరీలు పలచబడుతున్న ఆ ఏళ్ళలో కోవెంట్రీలో జనం పెరుగుతూ పోయారు. 1964లో మూడో డివిజన్, 1967లో రెండో డివిజన్ గెలిచి క్లబ్ చరిత్రలో తొలిసారి మొదటి డివిజన్‌కి చేరింది. 1967 ఏప్రిల్ 29న వోల్వర్‌హాంప్టన్‌తో మ్యాచ్‌కి 51,455 మంది వచ్చారు. హైఫీల్డ్ రోడ్‌కి అదే ఆఖరిదాకా రికార్డు. గెలుపులు లేకుండా ఇదంతా జరిగేదా అంటే జరిగేది కాదు. కానీ గెలిచిన జట్లు ఇంకా చాలానే ఉన్నాయి, వాటన్నిటికీ ఇలా జనం రాలేదు.

జట్టు మొదటి డివిజన్‌కి చేరిన ఏడాదే హిల్ క్లబ్ వదిలి టీవీ వైపు వెళ్ళాడు. ఆట మీద మోజు మాత్రం పోలేదు. 1972లో ఆర్సెనల్, లివర్‌పూల్ మ్యాచ్ చూస్తుండగా లైన్స్‌మన్‌కి దెబ్బ తగిలితే, రిఫరీ అర్హత ఉన్నవాడు కాబట్టి గ్యాలరీ దిగి తానే జెండా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ కోవెంట్రీకే వచ్చి క్లబ్ నడిపాడు. ఆ రోజుల్లోనే 1981లో అతని రెండు ఆలోచనలు ఒకేసారి అమలయ్యాయి. ఒకటి ప్రపంచమంతా పాకింది, రెండోది కోవెంట్రీలోనే చతికిలబడింది.

మొదటిది గెలుపుకి మూడు పాయింట్లు. అంతకుముందు గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి. జట్లు డ్రాతో సరిపెట్టుకుంటున్నాయని, చూసేవాడికి విసుగొస్తోందని హిల్ వాదన. ఈ చిన్న మార్పు ఎలా పనిచేస్తుందో చూద్దాం. డెబ్బయ్యో నిమిషంలో స్కోరు 1-1. చేతిలో ఒక పాయింటుంది. ముందుకు దూకితే గెలవచ్చు, వెనక ఖాళీ చూసి అవతలివాళ్ళే గోల్ కొట్టొచ్చు. పాత లెక్కలో గెలిస్తే అదనంగా వచ్చేది ఒకటి, ఓడితే పోయేదీ ఒకటి. అవకాశాలు సమానమైతే కదిలే పనే లేదు. కొత్త లెక్కలో పోయేది ఒకటే, వచ్చేది రెండు. మూడుసార్లు తెగించి రెండుసార్లు ఓడి ఒక్కసారి గెలిచినా మూడు డ్రాలతో సమానం. ఆటగాడి కాలు మీద చెయ్యి వేయకుండా, పట్టికలో ఒక అంకె మార్చి అతన్ని ముందుకి నెట్టడమిది. 1994 ప్రపంచ కప్పులోకీ ఆ పద్ధతి వచ్చింది. ఆధిక్యం దొరికిన జట్టు దాన్ని కాపాడుకోడానికి ఇంకా గట్టిగా తలుపులు మూసుకుంటుందన్న విమర్శ లేకపోలేదు. గ్యాలరీల్లో జనం కూడా ఈ ఒక్క అంకెకే తిరిగి రాలేదు. నిరుద్యోగం, అభిమానుల కొట్లాటలు కలిసి 1985-86లో మొత్తం ప్రేక్షకుల సంఖ్యని 1 కోటి 65 లక్షలకి దించాయి.

రెండోది కుర్చీలు. కొట్లాటలు ఆపడానికి హైఫీల్డ్ రోడ్‌లో నిలబడి చూసే మెట్లన్నిటి మీదా కుర్చీలు వేయించాడు. ఇంగ్లండ్‌లో మొత్తం కుర్చీలే ఉన్న తొలి పెద్ద గ్రౌండ్ అదే. మర్యాదగా కూర్చున్నవాడు కొట్లాడడని అతని నమ్మకం. తొలి సీజన్‌లోనే బయటి జట్టు అభిమానులు కుర్చీలు పీకి విసిరారు. అది పోనీయండి, అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మెట్ల మీద నిలబడే జనం తమంతట తాము సర్దుకుంటారు. పాడేవాళ్ళు గోల్ వెనక ఒకచోట చేరతారు, స్నేహితులు స్నేహితుల్ని వెతుక్కుంటారు, సగం జనమే వచ్చినా దగ్గరగా జరిగి నిండుగా కనిపిస్తారు. నంబరున్న కుర్చీ మనిషిని ఎక్కడివాడిని అక్కడ ఆపేస్తుంది. పాడే గుంపు చెదిరిపోతుంది, ఖాళీ కుర్చీ ఖాళీగానే కనిపిస్తుంది. జనం తగ్గారు. 1983లో హిల్ వెళ్ళాక ఒక భాగంలో కుర్చీలు తీసేసి మళ్ళీ మెట్లు చేశారు.

పక్కవాడి కేక విలువ కార్డిఫ్ మ్యాచ్ రోజున అంత బాగా తెలిసినవాడు, పదహారేళ్ళ తర్వాత దాన్ని కుర్చీలతో ఎందుకు విడగొట్టాడో నాకు అర్థం కాదు. అయితే కుర్చీలదే నేరమనీ అనలేం. 1989లో హిల్స్‌బరో గ్రౌండ్‌లో నిలబడే మెట్ల మీది తొక్కిడిలో 97 మంది పోయాక పై రెండు డివిజన్లలో కుర్చీలు తప్పనిసరి అయ్యాయి. అయినా ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో మ్యాచ్‌కి వచ్చే జనం సగటు 1992-93లో ఉన్న 21 వేల నుంచి దాదాపు 40 వేలకి పెరిగింది. మరోపక్క జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్ తన దక్షిణ గ్యాలరీలో 24,454 మందిని ఇప్పటికీ నిలబెట్టే ఉంచుతోంది. 81,365 మంది పట్టే ఆ స్టేడియం నిండటానికి చౌకగా దొరికే ఆ నిలబడే చోట్లే ఆయువుపట్టు. కుర్చీయా మెట్టా అన్నదానికంటే, పాడేవాళ్ళకి ఒకచోట చేరే వీలుందా లేదా అన్నది చూడాలనిపిస్తుంది.

హిల్ 2015లో పోయాడు. అంతకు రెండేళ్ళ ముందు, స్టేడియం అద్దె గొడవలో కోవెంట్రీ క్లబ్ తన ఊరు వదిలి ముప్ఫై మైళ్ళ పైచిలుకు దూరాన నార్తాంప్టన్‌లోని సిక్స్‌ఫీల్డ్స్‌లో సొంత మ్యాచ్‌లు ఆడింది. 2013-14 సీజన్‌లో సగటున రెండు వేల చిల్లర మంది వచ్చారు. యాజమాన్యానికి డబ్బివ్వం అని పంతం పట్టిన అభిమానులు కొందరు, గ్రౌండ్ బయట ఒక మిట్ట మీద నిలబడి ఉచితంగా చూశారు. ఆ మిట్టకి వాళ్ళు పెట్టిన పేరు జిమ్మీస్ హిల్. జట్టు అదే, డివిజన్ అదే. 2014 సెప్టెంబర్ 5న జట్టు ఊరికి తిరిగొచ్చి గిల్లింగ్‌హమ్‌తో ఆడిన రాత్రి 27 వేలకి పైగా వచ్చారు. ఆ తర్వాత మ్యాచ్‌లకి అంతమంది రాలేదు. ఆ సీజన్ సగటు తొమ్మిది వేల దగ్గర తేలింది. ఆ ఒక్క రాత్రికి వచ్చి మళ్ళీ కనిపించనివాళ్ళలో చిప్స్ పొట్లం ఇచ్చి ఆపదగ్గ పిల్లలు ఎంతమందో క్లబ్ ఆఫీసు వాళ్ళే లెక్క చూసుకోవాలి.