పుల్లను ఆఖరున ముట్టుకునేవాడే మేస్త్రీ

వాచీ రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోందని తీసుకెళ్తే ఇప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. వెనక మూత తీసి, రెగ్యులేటర్ పుల్లను నిదానం వైపు నెట్టి, మూత బిగించి డబ్బులు తీసుకుంటారు. ఒళ్లు మండేది అక్కడే.

అచ్చంపేట లాంటి ఊళ్లల్లో పాత మేస్త్రీల సరంజామా ఎంతని? ఒక అద్దాల పెట్టె, కంటికి బిగించిన భూతద్దం, సన్నటి చిమటా. వాళ్లు పుల్ల జోలికి ఆఖరున గాని పోరు. పుల్ల చేసేదల్లా హెయిర్ స్ప్రింగ్ పనిచేసే పొడవును తగ్గించడం, పెంచడం. పొడవు తగ్గితే వాచీ ఉరుకుతుంది, పెరిగితే నెమ్మదిస్తుంది. పది నిమిషాల ఉరుకుడికి పుల్లది తప్పు కానే కాదు. స్పీకరు పక్కన పెడితే అయస్కాంతం పట్టి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మేస్త్రీ దిక్సూచిని దగ్గర పెడతాడు, ముల్లు ఊగితే రోగం దొరికినట్టే. చుట్లకు నూనె అంటినా అదే తంతు.

ఆ తర్వాత కడుగుడు. మన మెట్టనేల ఎండకు, దుమ్ముకు నూనె జిగురవుతుంది. మిషన్ మొత్తం విప్పి, పెట్రోలులో కడిగి, రాళ్ల గుంతల్లో సూది మొనతో చుక్క నూనె పెట్టాలి. ప్యాలెట్ ఇరుసులకు మాత్రం పెట్టొద్దు. చేయి తిరిగినవాడి పనితనం ఏ చోట నూనె పెట్టలేదన్న దాంట్లోనే తెలుస్తుంది!

ఇక చెవి. టిక్కుకు టక్కుకు మధ్య ఎడం సమంగా ఉండాలి. కుంటితే బాలెన్స్ ఇరుసు మీద స్ప్రింగును పట్టి ఉంచే కాలెట్‌ను వెంట్రుకవాసి తిప్పాలి. తిప్పేటప్పుడు స్ప్రింగు వంగిందా, వాచీ పోయినట్టే. ఆ పనిని వణుకు లేకుండా చేసే చేతులకు దండం పెట్టాలి. తర్వాత వాచీని వెల్లకిలా, బోర్లా, నిలబెట్టి చూస్తారు. పడుకోబెట్టినప్పుడు సరిగ్గా నడిచి, నిలబెడితే తప్పిందంటే బాలెన్స్ వీల్ ఒక పక్క బరువుందని అర్థం.

హెచ్‌ఎంటీ జనతా వాచీ సెకనుకు 5 దెబ్బలు, రోజుకు 4,32,000 దెబ్బలు కొడుతుంది. రోజులో ఉన్నవి 86,400 సెకన్లు. అర నిమిషం తప్పినా తేడా లక్షకు ముప్పై అయిదు పాళ్లే. కరెంటు లేదు, సెల్లు లేదు, ఒట్టి చేయి, చెవి! హెయిర్ స్ప్రింగు 1675లో హైగెన్స్ పుణ్యం. హారిసన్ గడియారం 1761లో ఓడెక్కి జమైకా దాకా పోయి అయిదు సెకన్లే తప్పిందంటారు. వేడికి చలికి బెదరని స్ప్రింగు లోహం కనిపెట్టిన గియోమ్‌కు 1920లో నోబెల్ దక్కింది. నాకు మాత్రం వీళ్లందరి కన్నా బెంగళూరులో 1961లో సిటిజన్ సాయంతో మొదలైన మన హెచ్‌ఎంటీయే గొప్ప. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయడం నేరమే.

ఇప్పుడు జనతా పేరుతో అమ్ముతున్నవి చూడండి. డయలుకు కొత్త రంగు, లోపల నాలుగు వాచీల ముక్కలు, వాటి మధ్య ఎండిన నూనె. నకిలీకి ఆ పేరా?

మీ నాయన వాచీ పెట్టెలో ఉంటే బయటికి తీయండి. ఊళ్లో ఇంకా మిగిలిన మేస్త్రీకి ఇయ్యండి, బేరమాడకండి, వారం గడువియ్యండి. తెచ్చుకున్నాక రోజూ ఒకే వేళకు కీ ఇచ్చి, ఎన్ని సెకన్లు తప్పిందో కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుపోతే పుల్లను ఎంత జరపాలో ఆయనే చూసుకుంటాడు.