గోల్‌కీపర్ నిలబడే చోటు

మంచి గోల్‌కీపర్ బట్టలకు మట్టి తక్కువ అంటుతుంది. డైవ్ కొట్టిన ఫోటో పేపర్లో పడుతుంది, గాల్లో తేలిన వీడియో ఫోన్లలో తిరుగుతుంది. బంతి తిన్నగా గుండెల మీదికొచ్చి చేతుల్లో ఒదిగిపోతే మాత్రం, కొట్టినవాడు కీపర్ మీదికే కొట్టాడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మండుతుంది. కొట్టినవాడికి అక్కడ తప్ప ఇంకో దారి కనపడకుండా చేసింది ఎవరు? ఆ పని బంతి కాలికి తగలకముందే అయిపోయింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒకప్పుడు దేశానికి నేర్పిన విద్యల్లో ఇదీ ఒకటని నా నమ్మకం.

లెక్క చూడండి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. పెనాల్టీ ఏరియా అంచున, గోల్‌కు ఎదురుగా, అంటే 16.5 మీటర్ల దూరంలో బంతి ఉందనుకుందాం. కీపర్ గీత మీదే ఉంటే ఆ 7.32 మీటర్లూ కాయాల్సిందే. ఐదున్నర మీటర్లు ముందుకొచ్చి చిన్న పెట్టె గీత మీద నిలబడితే కాయాల్సింది 4.88 మీటర్లు. ఆ కాస్త దూరానికే గోల్‌లో మూడో వంతు మాయం! మరీ ముందుకొస్తే నెత్తి మీదుగా లేపేస్తాడు. అందుకే ఎంత ముందుకు రావాలన్నది కొట్టేవాడి తల చెబుతుంది. వాడు తల దించుకుని బంతిని తోసుకుంటున్నంతసేపూ కీపర్ కదలొచ్చు. వాడు కాలు వెనక్కి తీశాడంటే ఉన్నచోటే ఆగిపోవాలి. ఒక అడుగు తక్కువ పడినా ఫరవాలేదు, ఆగాల్సిందే. నడుస్తున్న కీపర్‌కు పక్కకు దూకే బలం కాళ్లలో ఉండదు.

పంజాగుట్ట వెనక వీధుల్లో ఒక స్కూలు మైదానంలో ఒక పెద్దాయన పిల్లలకు ఇది నేర్పుతుండగా చూశాను. బట్టలారేసుకునే నైలాన్ తాళ్లు రెండు తెచ్చి, ఒక్కోదాని కొస ఒక్కో పోస్టుకు కట్టాడు. మిగతా కొసలు రెండూ బంతి దగ్గర కలిపి పట్టుకున్నాడు. పన్నెండేళ్ల కుర్రాడు ఆ తాళ్ల మధ్య నిలబడ్డాడు.

"ఎక్కడున్నావ్ బేటా?"

"మధ్యలోనే ఉన్నా సార్."

"గోల్ మధ్యలో ఉన్నావ్. తాళ్ల మధ్యకు రా."

కుర్రాడు కిందికి చూశాడు. ఎడమ తాడు మోకాలికి రాసుకుంటోంది, కుడి తాడు రెండు బారల దూరంలో ఉంది. ఒక అడుగు పక్కకు జరిగాడు. పెద్దాయన బంతిని కాలితో తోసి తాళ్లతో సహా పక్కకు నడిచాడు. కుర్రాడు మళ్లీ తప్పాడు, మళ్లీ సర్దుకున్నాడు. అలా పావుగంట. ఒక్క షాట్ కూడా కొట్టలేదు! పోనుపోను కుర్రాడు తాళ్ల వైపు చూడటం మానేసి, చెయ్యి వెనక్కి చాచి పోస్టును తడిమి, తన చోటు తనే వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంత గొప్ప పాఠం ఇంత చవకగా చెప్పడం ఇంకెక్కడా చూడలేదు.

మిగతావన్నీ ఇందులోంచి వచ్చేవే. ఛాతీ బంతికి ఎదురుగా ఉండాలి, గోల్‌కు కాదు. చిన్న దూరాలకు కాళ్లు పెనవేయకుండా పక్క అడుగులతో జరగాలి. బంతి గోల్ గీత దగ్గరగా, పక్క నుంచి వస్తుంటే దగ్గరి పోస్టును ఆనుకోవాలి. కాలికీ పోస్టుకూ నడుమ బంతి దూరిందంటే ఆ గోల్‌కు సంజాయిషీ లేదు. దూరంగా వింగ్ నుంచి క్రాస్ వచ్చేటప్పుడు మాత్రం మధ్యకు, కాస్త అవతలి పోస్టు వైపుకు నిలబడి, ఒళ్లు మైదానం వైపు తెరిచి ఉంచాలి. ముందుకు పరిగెత్తి బంతి అందుకోవచ్చు, వెనక్కి పరిగెత్తి అందుకోవడం మహా కష్టం.

ఈ విద్యకు మనకో మహానుభావుడున్నాడు. పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాడు. మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా! కొట్టేవాడి కళ్లతో గోల్‌ను చూసినవాడు గనకనే వాడికి ఏ సందు కనపడుతుందో ఆయనకు తెలిసి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. 1955లో, 1958లో డ్యూరాండ్ కప్, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్, 1958లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్‌గా గుర్తింపు, 1967లో అర్జున అవార్డు. కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడాడు కాబట్టి అక్కడివాళ్లు తమవాడంటారు. అననీయండి. పుట్టిందీ, బంతి తన్నడం నేర్చిందీ ఇక్కడ.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. కోచ్ మన రహీమ్ సాబ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ తెచ్చిపెట్టిన స్కూలు మాస్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా ఎత్తు బంతులతో మీద పడుతుందని ఆయన ముందే లెక్క కట్టాడు. ప్రద్యుత్ బర్మన్ బాగా ఆడుతున్నా పక్కన పెట్టి, ఫ్లూ నుంచి అప్పుడే కోలుకుంటున్న తంగరాజ్‌ను దించాడు. ఆరడుగులు దాటిన మనిషి నిలబడాల్సిన చోట నిలబడితే క్రాస్ కొట్టేవాడి గుండె జారుతుంది. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టారు. కొరియాకు చివర్లో ఒక్కటే దక్కింది. ఆ స్వర్ణం తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో స్వర్ణం లేదు. మరుసటి ఏడాదే రహీమ్ సాబ్ పోయారు.

ఎక్కడో కెనడాలో, మంచు మీద ఆడే హాకీలోనూ ఇదే లెక్క. అక్కడి గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. కీపర్ ఒంటి నిండా కవచాలే, అయినా గోల్‌లోకి ఒదిగి కూచుంటే పోస్టుల పక్కన సందులు కనిపిస్తూనే ఉంటాయి. అందుకే ముందుకు జారి వచ్చి, బంతి బదులు వాడే పక్‌కు ఎదురుగా ఆగుతారు. మాంట్రియల్ కీపర్ జాక్ ప్లాంట్‌ను 1959లో ముఖానికి మాస్క్ పెట్టుకున్నవాడిగానే లోకం గుర్తుపెట్టుకుంది. నేను మాత్రం గోల్ వదిలి బయటికొచ్చి ఆడిన ఆయన తెగువకు దండం పెడతాను.

మన దగ్గర ఇప్పుడేముంది? 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్లో మూడు పెనాల్టీలు ఆపి కప్పు ఊరికి తెచ్చాడు. ఆ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. అడిగిన నాథుడు లేడు.

అమీర్‌పేట చుట్టుపక్కల టర్ఫ్‌లకు రాత్రి పదింటికి వెళ్లి చూడండి. కోచింగ్ క్లాసులు ముగించుకుని హాస్టల్ కుర్రాళ్లు వస్తారు. ఆట మీద ప్రేమకు కొదవ లేదు, వాళ్ల మీద నాకు కోపమూ లేదు. కానీ అక్కడి గోల్ చిన్నది, చుట్టూ వల, పైన వల. ఎత్తు బంతి లేదు, క్రాస్ లేదు, ముందుకొచ్చి సందు మూసే అవసరమే లేదు. పైగా గోల్ పడితే కీపర్ మారాలన్న రూలొకటి. గోల్‌లో నిలబడటాన్ని శిక్షగా మార్చిన రూలది! అక్కడ రెండేళ్లు ఆడిన కుర్రాడిని అసలు మైదానంలో నిలబెడితే గీతకు అతుక్కుపోతాడు. ఇంతలో వీడియోలు చూసి టెన్నిస్ బంతులు గోడకు కొట్టి పట్టుకోవడం, రంగు కోన్ల మధ్య గెంతడం, వేలకు వేలు పోసి గ్లవ్స్ కొనడం. చేతులు చురుకవుతాయి, సరే. చోటు తెలియని చేతులు ఎంత చురుకైతే ఏం లాభం? ఇలాంటివాటికి గోల్‌కీపింగ్ అకాడమీ అని బోర్డు పెట్టి నెలనెలా ఫీజు వసూలు చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

పంజాగుట్ట, అమీర్‌పేట మధ్య ఉన్న కార్పొరేషన్ మైదానాల్లో ఒక్కదానిలోనైనా పూర్తి కొలతల గోల్‌పోస్టులు రెండు పాతండి. తెల్లవారుజామున రెండు గంటలు క్రికెట్ పిచ్ నుంచి విడిపించి పిల్లలకు ఇవ్వండి. పాత పోలీస్ జట్టు, రైల్వే జట్ల కీపర్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. పిలిస్తే వస్తారు, డబ్బు కూడా అడగరు. తంగరాజ్ పేరు మీద స్కూలు పిల్లలకు ఒక టోర్నీ పెట్టి, మేటి కీపర్ బహుమతి ఎక్కువ డైవ్‌లు కొట్టినవాడికి కాకుండా, తక్కువ డైవ్‌లతో గోల్ కాచినవాడికి ఇవ్వండి. నైలాన్ తాళ్లు నేను తెస్తాను.